లెన్సుకు గొడుగు పట్టిన దినములు

ఎండకు కరవులేని దేశమున ఫొటోలు తీయువానికి వెలుతురు సంపాదించుట పెద్ద పని కాదు. వచ్చిన వెలుతురులో తనకు అక్కరలేని భాగమును లెన్సు ముఖముపై పడనీయకుండ ఆపుటయు, పడిన భాగములో ఏ రంగును ఎంతవరకు లోనికి పోనీయవలెనో నిర్ణయించుటయు పెద్ద పనులు. మొదటిదానికి హుడ్డు, రెండవదానికి ఫిల్టరు. ఈ రెండు చిన్న వస్తువుల చుట్టును ఒక జీవనవిధానమే అల్లుకొని యుండెడిదనియు, అందులో గురువు, శిష్యుడు, రేకుపనివాడు, గుడి అర్చకుడు, ఆనకట్టపై రాళ్లు మోయు కూలీలు సైతము పాలుపంచుకొనుచుండిరనియు ఈనాడు చెప్పినచో నమ్మువారు తక్కువ. నలుపు తెలుపు ఫొటోల కాలముతో ఆ జీవనమును ముగిసినది. దానిని దగ్గరనుండి చూచినవారిలో నేనొకడను గనుక, తెలిసినంతవరకు వ్రాసియుంచుట నా విధి యని తలచుచున్నాను.

1960 దశకమున హైదరాబాదులో, ఆబిడ్సు ప్రాంతమునందలి యొక స్టూడియోలో నేను పనికి కుదిరితిని. ముందు గదిలో పెండ్లివారి ఫొటోలు, పరీక్షలకు పోవు పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు తీయుచుండిరి. ఇంటి అద్దెయు, మా జీతములును వానివలననే గడచుచుండెను. కాని మా గురువుగారి ప్రాణమంతయు కట్టడముల ఫొటోలపై నుండెడిది. కొత్తగా వెలయుచున్న కర్మాగారములవారు తమ వార్షిక నివేదికలకును, గుత్తేదారులు తమ పనుల దాఖలాలకును, ప్రాచీన దేవాలయములపై గ్రంథములు వ్రాయు పండితులు తమ పుస్తకములకును ఆయనను పిలిపించుకొనుచుండిరి. కట్టడమును తీయదలచినవాడు మొదట పంచాంగము చూడవలెనని ఆయన సిద్ధాంతము. ఉత్తరాయణమున సూర్యుడు ఏ గోడమీదికి వచ్చును, దక్షిణాయనమున ఏ గోడను విడిచిపోవును, ఏ మండపములోనికి ఏ మాసమున ఎండ ఎంత లోతుగా దూరును అను వివరములన్నియు పెన్సిలుతో వ్రాసుకొనిన ఒక పొడుగాటి పుస్తకము ఆయన జేబును విడువకుండెడిది. ఒక గుడి పడమటి గోడకొరకు మేము మాఘమాసము వచ్చువరకు వేచియున్న సందర్భములు గలవు. పని యిచ్చినవారు అందులకు ఒప్పుకొనుచుండిరి. ఆనాడు పుస్తకములును అంత నెమ్మదిగనే అచ్చగుచుండెను.

ఆయనచేతిలో నున్న కెమెరా హాసెల్‌బ్లాడ్ సూపర్ వైడ్ సి. స్వీడను దేశమునందు గోటెబోర్గ్ నగరమున తయారైన దానిని, స్వదేశమునకు తిరిగిపోవుచున్న ఒక విదేశీయ ఇంజనీరువద్ద, ఇల్లాలి గాజులు కుదువపెట్టి కొనిరని స్టూడియోలో చెప్పుకొనెడివారు. ఈ జాతి కెమెరా తొలిరూపము 1954లోను, మా వద్దనున్న సి నమూనా 1959లోను వెలువడినవి. సాధారణమైన హాసెల్‌బ్లాడ్ కెమెరాలో లెన్సుకును ఫిల్ముకును నడుమ ఒక అద్దము లేచి పడుచుండును. ఈ కెమెరాలో ఆ అద్దమునకు చోటే లేదు. లుడ్విగ్ బెర్టెలే అను జర్మను శాస్త్రజ్ఞుడు రూపొందించిన 38 మిల్లీమీటర్ల బయోగాన్ లెన్సు వెనుకగాజు ఫిల్మును తాకునా యన్నంత చేరువగా వచ్చి నిలుచుటయే అందులకు కారణము. ఎనిమిది గాజులు, అయిదు గుంపులు. మూలనుండి మూలకు 90 డిగ్రీల విస్తారము. అంచున నిలిచిన స్తంభము కూడ వంగక నిటారుగా నిలుచు ఋజుత్వము. కెమెరా నెత్తిమీద ఒక దృశ్యదర్శిని, దాని పక్కన నీటి బుడగ. ఆ బుడగ నడుమకు రానిదే మా గురువుగారు వేలు మీటపై పెట్టెడివారు కారు, ఏలయన కెమెరా ఏ కొంచెము తల యెత్తినను గోపురములు వెనుకకు వాలిపోవును.

ఇంతటి లెన్సునకు శత్రువు ఎండయే. దృశ్యములో లేని సూర్యుడు, చిత్రపు చట్రమునకు ఆవలనుండి, ఏటవాలుగా ముందుగాజుపై పడినచో ఆ వెలుగు ఫిల్ముపై నే బొమ్మను కల్పింపదు. గాజునుండి గాజునకు తాకి, మరలి, మసకగా మారి, చిత్రమంతట పలుచని పొగవలె వ్యాపించును. నీడలలోని నలుపు బూడిద యగును. గాలిని తాకు ప్రతి గాజుముఖమును, పూత లేనిచో, తనపై పడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్లకు తక్కువ కాకుండ వెనుకకు కొట్టును. అయిదు గుంపులకు పది ముఖములు. లెక్క వేసినచో ఇంచుమించు మూడవవంతు వెలుగు దారితప్పును. అలెగ్జాండర్ స్మకులా అను శాస్త్రజ్ఞుడు 1935లో జైస్ సంస్థలో కనుగొనిన పూత ఈ నష్టమును చాలవరకు తగ్గించినది గాని, మా లెన్సుపై నున్నది ఒకే పొర. పొరపై పొర వేసిన పూతలు ఈ లెన్సునకు అబ్బినది 1970 దశకమున. అందుచేత మా కాలమున హుడ్డు అలంకారము కాదు; చిత్రములోని నలుపు నలుపుగా నిలుచుటకు ఆధారము.

అయితే విశాలమైన చూపుగల లెన్సునకు హుడ్డు చేయుట సులభమైన విషయము కాదు. పొడుగు లెన్సునకు జానెడు గొట్టము తగిలించినను నష్టము లేదు. బయోగాన్‌కు అర అంగుళము అధికమైనచో చిత్రపు నాలుగు మూలలను కత్తిరించివేయును. అర అంగుళము తక్కువైనచో ఎండను ఆపదు. పైగా దృశ్యదర్శినిలోనుండి చూచునపుడు లెన్సు గొట్టమే కొంత క్రిందిభాగమును కప్పుచుండును. హుడ్డు తగిలించినచో ఇంకను కొంత కప్పును. గుండ్రని హుడ్డు చతురస్రమైన చిత్రమునకు సరిపోదు: మూలలకు తావిచ్చినంత వెడల్పుగా చేసినచో నాలుగు ప్రక్కలను ఎండకు వదలివేసినట్లే. దిగుమతులు కరవైన ఆ దినములలో, కెమెరాతో కూడ రావలసిన హుడ్డు మా వద్దకు రాలేదు. కనుక మా గురువుగారు బేగంబజారులోని ఒక రేకుపనివానిచేత, అట్టముక్కలతో కొలతలు చేసి యిచ్చి, నలుచదరపు నోరుగల హుడ్డును చేయించుకొనిరి. లెన్సు అంచునకు బిగువుగా తొడుగుకొనుటకు లోపల ఫ్లానెలు గుడ్డ అంటించిరి.

ఆ హుడ్డునకు లోపలి నలుపు వేయుటను నేను దగ్గర కూర్చుండి చూచితిని. స్పిరిటులో లక్క కరగించి, అందులో దీపపు మసిని కలిపి, కుంచెతో పూయవలెను. లక్క హెచ్చైనచో ఆరిన తరువాత నిగనిగలాడును, అప్పుడది ఎండను ఆపుటకు మారుగా లోనికి తోలును. లక్క తక్కువైనచో మసి వ్రేళ్లకు అంటుకొనును, లెన్సుపై రాలును. రేకుపనివాడు తన పని మెరియవలెనను అభిమానము గలవాడు. మొదటి పూతను అద్దమువలె మెరిపించి తెచ్చెను. గురువుగారు దానిని కిటికీ వెలుతురులో అటునిటు త్రిప్పి, “పనితనానికి వంక పెట్టను భాయ్. కానీ ఇందులో వెలుతురు కనబడితే నాకు పనికిరాదు. బొగ్గుల బస్తాలోకి చూసినట్టుండాలి” అనిరి. ఆ వృద్ధుడు కొంతసేపు ఆలోచించి, గరుకు కాగితముతో ఆ మెరుపునంతయు తానే గోకివేసి, రెండవ పూతను మసి చల్లి మట్టి నలుపుగా చేసి యిచ్చెను. డబ్బు ఎక్కువ పుచ్చుకొనలేదు. తనకు అర్థముకాని వస్తువునకు సంబంధించినదైనను, అడిగినవాని అవసరము అర్థమైన తరువాత, తన రుచిని ప్రక్కకు పెట్టి పనిచేసిన ఆ మనుష్యునియందు నాకు నేటికిని గౌరవము గలదు.

హుడ్డు మూలలను కోయుచున్నదో లేదో తెలిసికొను పద్ధతి ఇది. ఫిల్ము పెట్టెను వెనుకనుండి ఊడదీసి, షట్టరును తెరచియుంచి, ఎపర్చరును 22కు కుదించి, ఫిల్ము ఉండవలసిన చదరపు కిటికీ మూలకు కన్ను ఆనించి లెన్సులోనికి చూడవలెను. ఎపర్చరు రంధ్రము నిండుగా కనబడినచో ఆ మూల క్షేమము. దానిపై ఏ అంచైన కొరికినట్లు కనబడినచో హుడ్డు ఇంకను లోతు తగ్గవలెను. నాలుగు మూలలనుండియు ఇట్లు చూచి, ఆకురాయితో ఒక్కొక్క వెంట్రుకవాసి రాచుచు పోయిరి. ఫిల్టరు పెట్టి మరల చూచిరి, ఏలయన ఫిల్టరు చట్రపు మందమును అడ్డు రాగలదు. ఆ సాయంకాలము స్టూడియోకు వచ్చిన పెండ్లివారు బయట బెంచీమీద చాలసేపు కూర్చుండవలసి వచ్చినది.

ఇంత చేసినను ఆ హుడ్డు ఆపలేని ఎండ యుండెడిది, దానికి గొడుగు. సూర్యుడు చట్రపు అంచునకు చేరువగా నున్నపుడు శిష్యుడు నల్లగొడుగు పట్టి, దాని నీడ సరిగా ముందుగాజుపై మాత్రమే పడునట్లు నిలువవలెను. ఇక్కడ మరల విశాల దృష్టితోడి చిక్కు వచ్చును: అడ్డముగా 72 డిగ్రీలు చూచు లెన్సు ముందు గొడుగు పట్టువాడు, ఒక్క అడుగు ముందుకు వేసినచో చిత్రములోనే యుండును. అందుచేత గురువుగారు స్టాండును నిలిపిన వెంటనే ఒక పుల్లతో నేలపై రెండు గీతలు గీచెడివారు. స్టాండు కాలినుండి చెరియొక ప్రక్కకు ఏటవాలుగా పోవు ఆ గీతలు మాకు లక్ష్మణరేఖలు. “అబ్బాయ్, గీత దాటకు. నీడ గాజు మీద పడాలి, నువ్వు ఫొటోలో పడకూడదు” అని ఆయన హెచ్చరించెడివారు. నీడ పడినదో లేదో చూచుటకు తామే కెమెరా ముందుకు వచ్చి, గాజులో ఎండచుక్క యెచటనైన మిగిలినదా యని పరికించి, తృప్తి కలిగిన తరువాత తలయూచి వెనుకకు పోయెడివారు.

నాగార్జునసాగరముపై పని నాకు ఈ సందర్భముననే జ్ఞాపకము వచ్చును. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలువరకు, రాయిమీద రాయి పేర్చుచు మనుష్యులు కట్టినది. వేలకొలది కూలీలు నడవల మీదుగా రాళ్లను, సున్నమును మోసికొని పోవుచుండ, ఆ దృశ్యమంతయు ఒక్క చదరములో ఇమిడించుటకు బయోగాన్‌కు మించిన లెన్సు లేదు. కాని అచ్చటి ఎండ పైనుండి మాత్రమే కాదు, తెల్లని రాతిదుమ్మునుండి, నీటినుండి, క్రిందినుండియు వచ్చుచుండెను. ఒక గొడుగు చాలక, లెన్సు క్రింది ప్రక్కను ఒక నల్లని దుప్పటి పరచవలసి వచ్చినది. రాళ్లు మోయు ఒక స్త్రీ, మేము గొడుగును మనుష్యునికి గాక యంత్రమునకు పట్టుచుండుట చూచి, తట్ట దించి, “దానికి ఎండ తగిలితే ఏమయితది బాబూ?” అని అడిగెను. గురువుగారు ఆమెను పిలిచి, గొడుగు తీసి ఒకసారియు, పెట్టి ఒకసారియు, నిమిషము ఓపికపట్టి గాజులోని తేడాను చూపిరి. ఆమె చూచి, “తెల్లబోయింది” అనెను. సరిగా అదియే జరుగుచుండును. ఏ గ్రంథములోను ఇంతకంటె చక్కగా చెప్పినది నేను చదువలేదు.

ఇక ఫిల్టర్ల సంగతి. ఫొటోగ్రఫీ పుట్టిన నాటినుండి చిరకాలము దాని కన్ను నీలమును మాత్రమే గాఢముగా చూచెడిది. ఎరుపు దానికి చీకటి, నీలాకాశము దానికి తెల్లకాగితము. నిజాము ఆస్థానమున పనిచేసి రాజా బిరుదము పొందిన దీనదయాళుగారి (1844–1905) కాలపు పలకలపై భవనములు శిల్పమువలె నిలిచియుండ, వాని వెనుక ఆకాశము శూన్యముగ నుండుటకు ఆనాటి రసాయనపు స్వభావమే కారణము. హెర్మన్ ఫోగెల్ అను జర్మను ఆచార్యుడు 1873లో, రంగులను కలిపినచో పలక ఆకుపచ్చను కూడ చూడగలదని కనుగొనెను. లండను సమీపమున క్రాయ్‌డన్‌లోని రాటెన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ 1906లో ఎరుపును సైతము గ్రహించు పలకలను అమ్మకమునకు తెచ్చినది. వానితో కూడ వానికి తగిన రంగుల ఫిల్టర్లను గూడ తయారుచేసినది. ఆ సంస్థను 1912లో కొడాక్ కొనినను, ఫిల్టర్లకు రాటెన్ పేరే నిలిచిపోయినది. సర్వవర్ణములను చూడగల ఫిల్ము వచ్చిన తరువాత, ఏ వర్ణమును తగ్గించి చూడవలెనను ప్రశ్న కూడ దానితో వచ్చినది. నీలమును కొంత ఆపునది పసుపు, ఎక్కువ ఆపునది నారింజ, ఇంచుమించు పూర్తిగా ఆపునది ఎరుపు.

మా ఫిల్టర్లు 63 శ్రేణివి. మరలు లేని గుండ్రని గాజుబిళ్లను లెన్సు ముందంచులో దించి, పైనుండి ఒక వలయమును బిగించుటతో సరి. వాని అంచుపై చిన్న యక్షరములలో రంగు గుర్తు, ఎక్స్‌పోజరు ఎన్ని రెట్లు పెరుగవలెనను అంకె, దాని ప్రక్కన −1 యనియో −2 యనియో మరియొక అంకె చెక్కియుండును. ఆ రెండవ అంకెలోనే రూపకర్తల బుద్ధికుశలత యున్నది. సి లెన్సుపై ఎపర్చరును షట్టరును ఒకదానితో నొకటి జోడై తిరుగును. వాని కలయికకు ఒకే సంఖ్య. 100 వేగపు ఫిల్ముకు బయలు ఎండలో ఆ సంఖ్య 15. నారింజ ఫిల్టరుపై −2 యని యున్నచో, వలయమును 13కు త్రిప్పిన చాలును, వేరే గుణకారము లేదు. కాని దానివలన కలుగు ఫలితమును తప్పించుకొనుట లేదు: ఎపర్చరు 16 వద్ద 125వ వంతు సెకను చాలినచోట 30వ వంతు కావలెను. అందుచేత స్టాండు, అందుచేత గాలి ఆగువరకు నిరీక్షణ, అందుచేత ప్రాకారములో నడచుచున్న భక్తులను “ఒక్క నిమిషం ఆగండమ్మా” యని వేడుకొనుట. వారు ఆగుచుండిరి. ఆ చిత్రములలో మనుష్యులు స్తంభములవలె నిశ్చలముగా, పూర్ణ స్పృహతో నిలిచియుందురు. ఫొటో తీయించుకొనుట ఒక కార్యమని వారికిని తెలియును.

పాలంపేటలో రామప్ప గుడికి పోయినపుడు ఏ రంగు పెట్టవలెనను విషయమున నాకు కలిగిన శిక్షణను ఎన్నడును మరువలేను. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి గోడలు ఎర్రని ఇసుకరాయి. చూరు క్రింద నిలిచిన మదనికలు నల్లరాయి. వర్షములు వెనుదీసిన కాలము. ఉదయపు టెండలో గోడ కుంకుమవన్నెగా వెలుగుచుండెను, వెనుక నీలాకాశమున తెల్లని మబ్బులు గుంపులుగా నిలిచియుండెను. నేను నారింజ బిళ్లను తుడిచి సిద్ధముగా పట్టుకొంటిని, ఏలయన అట్టి ఆకాశమునకు అదియే తగునని ఎవరికైన తోచును. గురువుగారు దానిని చూచి, పుచ్చుకొనక, నన్ను చూరు క్రిందికి తీసికొనిపోయి మదనికను చూపి, “దీనిమీద వెలుతురు ఎక్కడిది?” అని అడిగిరి. ఎండ ఆమెను తాకుటలేదు. “పైనించే మాస్టారూ, ఆకాశంనుంచి” అంటిని. “ఆకాశం రంగేమిటి?” “నీలం.” “మరి నీలాన్ని ఆపేశావంటే ఈ తల్లికి మిగిలేదేమిటి?”

అంతలో విషయమంతయు తేటపడినది. ఎండ పడిన చోటికి సూర్యుని వెలుగు; నీడ పడిన చోటికి ఆకాశపు నీలివెలుగే దిక్కు. నారింజ పెట్టినచో మబ్బులు అద్భుతముగా వచ్చును, ఎర్రగోడ ఇంకను తెల్లనగును, కాని చూరు నీడలోని నల్లరాతి సుందరి చీకటిలో మునిగిపోవును. “ఆకాశం కోసం వచ్చామా, బొమ్మల కోసం వచ్చామా? పసుపు పెట్టు” అని ఆయన స్టాండువద్దకు నడచిరి. పసుపుతో మబ్బులు ఆకాశమునుండి విడివడునంత మాత్రమే విడివడినవి. మదనిక నడుము వంపు, ఆమె మెడలోని హారపు పూసలు నీడలోనే నిలిచి కనబడినవి. ఆ చిత్రమును చూచినవారెవరును ఆకాశమును గూర్చి మాటాడలేదు, అదియే దాని గెలుపని నా అభిప్రాయము.

ఎర్ర ఫిల్టరును ఆయన ద్వేషించెడివారు కారుగాని, దానిని పెట్టెలో అడుగున నుంచెడివారు. దాని మహిమ తెలియని వారు లేరు. ఆన్‌సెల్ ఆడమ్స్ 1927లో హాఫ్ డోమ్ శిఖరమును మొదట పసుపు ఫిల్టరుతో తీసి, తన మనస్సులోని చిత్రము అందులో రాదని గ్రహించి, ఉన్న మరియొక పలకపై గాఢమైన ఎర్ర ఫిల్టరుతో తీయగా, ఆకాశము ఇంచుమించు నలుపై, ఆ రాతిముఖము మహోన్నతముగా నిలిచినది. ఆ నిర్ణయము శిఖరమునకు తగినది. మన గుళ్లకు తగదు. పట్టపగటి వేళ గోపురము వెనుక అమావాస్యను నిలిపినట్లుండు చిత్రములు ఆనాడు పత్రికలలో విరివిగా వచ్చుచుండెను. చూడగనే కన్ను నిలుచును, రెండవసారి చూచినచో గోపురమునందలి శిల్పమే అందులో లేదని తెలియును. లేపాక్షివంటి చోట్ల, రాయి బూడిదవన్నెది గనుక, నారింజకు కొంత స్వేచ్ఛ నిచ్చెడివారు. చెట్లు ఎక్కువగా నున్నచోట పసుపు కలిసిన ఆకుపచ్చ.

విశాలమైన లెన్సుపై ఫిల్టరునకు మరియొక దోషము గలదు. దానిని ఎరిగి పనిచేయువారు తక్కువ. చిత్రపు మూలకు పోవు కిరణము 45 డిగ్రీల వాలుతో ఫిల్టరులో ప్రవేశించును; గాజులో అది కొంత నిటారైనను, నడిమి కిరణముకంటె నూటికి 13 పాళ్లు అధికమైన దూరము రంగుగాజులో నడువవలెను. అనగా మూలలయందు ఫిల్టరు మరికొంత గాఢమైనట్లే. సహజముగనే మూలలకు వెలుతురు తగ్గు లెన్సునకు ఇది తోడైనచో, ఆకాశము నడుమ లేతగా, కొసలయందు బరువుగా వచ్చును. పోలరైజరు పెట్టినచో ఇంకను విపరీతము: సూర్యునికి సమకోణమున నున్న ఆకాశభాగమే అధికముగా నల్లబడును గనుక, 90 డిగ్రీల చూపులో ఆకాశమున ఒక నల్లని పట్టె దిగును. అందుచేత బయోగాన్‌కు లేత ఫిల్టర్లే మేలని గురువుగారు నిశ్చయించుకొనిరి. దీపమో, ఎండ పడు ద్వారమో దృశ్యములోనే యున్నపుడు ఫిల్టరును తీసివేసెడివారు. రెండు కొత్త గాజుముఖములు చేరినచో ఆ వెలుగునకు ప్రతిబింబము పుట్టక మానదు.

వానాకాలము మాకు కెమెరాపనికంటె రక్షణపని కాలము. పాతరకపు ఫిల్టర్లలో రంగు జెలటిను పొరను రెండు గాజుల నడుమ కెనడా బాల్సం జిగురుతో అతికించెడివారు. తేమకు, వేడికి ఆ జిగురు అంచులనుండి విడిపోయి ఇంద్రధనుస్సు చారలు కనబడును. గాజులపై బూజు సాలెగూడు తీగలవలె ప్రాకును. చిన్న లెన్సు, చిన్న ఎపర్చరు, లెన్సునకు చేరువగా ఫిల్టరు; దానిపై ఒక్క దుమ్ముకణము నిలిచినను ఆకాశమున మచ్చగా తేలును. అందుచేత ఫ్లానెలు పరచిన రేకుపెట్టెలో బిళ్లలను విడివిడిగా నిలిపి, మధ్య సిలికా జెల్ పొట్లము నుంచి, మూతకు కొవ్వొత్తి మైనము రాచి మూసెడివారము. ఆ గుళికలు పొడిగా నున్నంతకాలము నీలముగా నుండును, తేమ పీల్చినచో గులాబివన్నె కెక్కును. అప్పుడు వానిని గురువుగారి ఇంటికి తీసికొనిపోవుట నా పని. అమ్మగారు వంట ముగిసిన తరువాత, ప్రత్యేకముగా ఉంచిన ఇనుప మూకుడులో సన్నని సెగపై వానిని వేయించి, నీలము తిరిగి రాగానే దించి, “చల్లారనీ నాయనా, తొందరపడకు” అని నాకు కాఫీ ఇచ్చెడివారు. తుడుచుటకు ఆమె ఇచ్చిన గుడ్డ తప్ప గురువుగారు వేరొకటి వాడెడివారు కారు: అనేక పర్యాయములు ఉతికి, ఆరవేసి, పోగులు మెత్తబడిన పాత ధోవతి చెరగు.

ఊటీలో హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి కర్మాగారము 1967లో ఉత్పత్తి ఆరంభించిన తరువాత ఇందు ఫిల్మును, దానికి ముందును వెనుకను తూర్పు జర్మనీనుండి వచ్చు ఓర్వో ఫిల్మును వాడితిమి. రోలునకు పన్నెండు చిత్రములు. 1980 దశకము నడుమకు వచ్చుసరికి నివేదికలు రంగులలో అచ్చగుచుండెను. రంగుల ఫిల్ముకు పసుపు ఫిల్టరు పెట్టినచో లోకమంతయు పసుపగును. నారింజకు, ఎరుపునకు చోటే లేదు. ట్యూబులైట్ల ఆకుపచ్చదనమును విరుచు ఫిల్టర్లు, నీడలోని నీలిమను తగ్గించు లేతగాజులు పెట్టెలోనికి వచ్చినవి. వానిలో నిర్ణయము లేదు, సవరణ మాత్రమే. తరువాత వచ్చిన డిజిటల్ కెమెరాలో రంగును నలుపుగనో తెలుపుగనో మార్చుట ఇంటికి వచ్చిన తరువాత, కుర్చీలో కూర్చుండి చేయవచ్చును. అది తక్కువపని యని నేననను. నా మనుమడు ఆ పనిని శ్రద్ధగా చేయును. కాని చూరు క్రిందికి పోయి ఆ నీడమీద వెలుతురు ఎచ్చటిదని అడుగవలసిన అగత్యము అందులో లేకపోయినది. గొడుగు పట్టు కుర్రవాడు అక్కరలేకపోయెను. నాతో పనిచేసినవారిలో కొందరు పెండ్లిండ్ల వీడియోలకు పోయిరి, కొందరు జిరాక్సు దుకాణములు పెట్టుకొనిరి. హాసెల్‌బ్లాడ్ వారి సూపర్ వైడ్ వంశము 2001లో వచ్చిన 905 నమూనాతో ఆగిపోయినది.

మిగిలినవి నెగెటివులు. మా స్టూడియోలో ప్రతి నెగెటివును విడి కాగితపు కవరులో నుంచి, పైన పెన్సిలుతో స్థలము, దిక్కు, వేళ, ఎపర్చరు, ఫిల్టరు వ్రాయుట నియమము. “రామప్ప, తూర్పు, చూరు, ఉ. 7-40, ప −1” అనునది ఒక పూర్తి చరిత్ర. ఇటీవల ఇట్టి పాత నెగెటివులను సేకరించి కంప్యూటరులోనికి ఎక్కించువారు పలువురు బయలుదేరినారు, సంతోషమే. కాని వారిలో కొందరు నెగెటివును తీసికొని, చివికినదని కవరును పారవేయుట నేను కన్నులార చూచితిని. నారింజతో తీసిన ఎర్రరాయి సున్నపురాతివలె తెల్లగా కనబడును. నూరేండ్ల తరువాత ఆ గోడ వన్నెను, దానిపై చేరిన నాచును, చెరగిపోయిన పూతను ఆ చిత్రము చూచి అంచనా కట్టబోవు శిల్పశాస్త్రజ్ఞునికి, ఏ గాజుగుండ చూచి తీసినదో తెలియనిచో, చిత్రము అబద్ధము చెప్పినట్లే యగును. కవరును గూడ నెగెటివు ప్రక్కన పెట్టి ఒకే చట్రములో ఎక్కించుటకు అధిక వ్యయము లేదు. వెనుకప్రక్కను త్రిప్పి చూచుటయు మరువరాదు. ఆకాశమున మబ్బు లున్నవో లేవో మా గురువుగారు అచటనే వ్రాసెడివారు.